నాలుగు పాళ్ళు నీళ్ళు

మనవాళ్ళకి అయిదు అంకె అంటే మహా మమకారం. పంచాంగం విప్పకుండా పెళ్ళి ముహూర్తం పెట్టరు. పంచామృతం లేకుండా అభిషేకం జరగదు. విగ్రహం పోత పోయాలంటే పంచలోహాలు కావాలి. విందు బాగుంటే పంచభక్ష్య పరమాన్నాలంటారు. ప్రేమించినవాళ్ళని పంచప్రాణాలంటారు. చివరికి మనిషి పోయినా పంచభూతాల్లోనే కలుస్తాడు. ఇన్నింటికి అయిదు అంకె పెట్టుకున్నవాళ్ళం, తాగేదానికి పెట్టుకోలేదేం చెప్మా అని మీకెవరికైనా సందేహం వస్తే తీరుస్తాను. పెట్టామనే అంటారు. కాకపోతే అంకె మనది, తాగుడు ఇంగ్లీషువాళ్ళది. దాని పేరు పంచ్. అందులో మళ్ళీ పేరు మోసింది రమ్ పంచ్.

రమ్ము పేరెత్తగానే మొహం చిట్లించకండి. నేను తాగేవాణ్ణి కాను. ముప్ఫై ఏళ్ళపాటు ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాల దుమ్ము మాత్రం పుష్కలంగా తాగాను. మా అన్నయ్య కొడుకు ఒకడు సరుకు ఓడల్లో ఇంజనీరు. ఏ రేవులో ఏం తింటారో, ఏం తాగుతారో నాకు పూసగుచ్చినట్టు చెప్పడం వాడికి చిన్నప్పటినుంచీ అబ్బిన విద్య. "బాబాయ్, నీకు పుస్తకాలున్నాయి, నాకు రేవులున్నాయి" అంటాడు. వాడు వెస్టిండీస్ దీవుల్లోని బార్బడోస్ నుంచి మోసుకొచ్చిన కబురే ఈ పంచ్.

చేసే విధానం విన్నాక, ఇంత తేలిగ్గా గుర్తుండే వంట ఇంకోటి లేదనిపించింది. కొలతలకి పుస్తకం అక్కర్లేదు, ఒంట్లు వస్తే చాలు. పులుపు ఒక పాలు, తీపి రెండు పాళ్ళు, ఘాటు మూడు పాళ్ళు, నీళ్ళు నాలుగు పాళ్ళు. పులుపంటే నిమ్మరసం. తీపి అంటే పంచదార పాకం. ఘాటు అంటే రమ్ము. నీళ్ళంటే నీళ్ళే, లేదా అంతకి సరిపడా ఐసు. అంటే ముప్ఫై మిల్లీలీటర్ల నిమ్మరసం పిండితే అరవై పాకం, తొంభై రమ్ము, నూట ఇరవై నీళ్ళు అన్నమాట. అయిదోది సంబారం. పైన కాస్త జాజికాయ అరగదీసి చల్లుతారు, రెండు మూడు చుక్కలు చేదు వేస్తారు. ఆ చేదుకి కూడా ఒక చరిత్ర ఉంది. యోహాన్ సీగర్ట్ అనే జర్మన్ డాక్టరు 1824లో వెనిజులాలోని అంగొస్తురా అనే ఊళ్ళో మందుగా తయారుచేశాడు దాన్ని. ఆ ఊరు పేరు తర్వాత మారిపోయింది. మందు మాత్రం అంగొస్తురా బిట్టర్స్ అనే పేరుతో 1875లో ట్రినిడాడ్ చేరుకుని, ఇప్పటికీ అక్కడే తయారవుతోంది. పోయిన ఊరి పేరు ఒక సీసా నిలబెట్టింది!

ఈ అయిదింటి జాతకాలూ ఓసారి విప్పి చూద్దాం. బార్బడోస్ వాళ్ళు తమ సొంత సొత్తుగా చెప్పుకునే ఈ గ్లాసులో నీళ్ళు తప్ప అక్కడ పుట్టింది ఏదీ లేదు. చెరుకు తొలి పుట్టిల్లు న్యూగినీ. ఆ చెరుకు రసాన్ని కాచి గట్టి పలుకుగా చెయ్యడం నేర్చింది మన దేశం. మన ‘శర్కర’ పర్షియా, అరబ్బు దేశాలు తిరిగి తిరిగి ఇంగ్లీషువాడి నోట ‘షుగర్’ అయింది. మన ‘ఖండ’ అక్కడ ‘క్యాండీ’ అయింది. నిమ్మజాతి అంతా ఆసియాదే. చెరుకునీ, ఈ పుల్లటి జాతి గింజల్నీ కొలంబస్ 1493లో తన రెండో ప్రయాణంలో ఓడలో వేసుకుని ఆ దీవులవైపు తీసుకెళ్ళాడు. ఇక జాజికాయ. పసిపిల్లలకి మన అమ్మమ్మలు సాన మీద అరగదీసి నాకించేది అదే. దాని సొంత ఊరు ఇండోనేషియాలోని బందా దీవులు. అంటే అంతా వలసవచ్చిన సంసారమే.

ఇక పేరు సంగతి. ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చింది. మా లైబ్రరీలో ఎవరూ ముట్టని అరలో ‘హాబ్సన్-జాబ్సన్’ అని ఒక లావుపాటి నిఘంటువు ఉండేది. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చారు. 1886లో అచ్చయింది. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్ళ నోళ్ళలో నలిగిన మాటలన్నిటికీ అందులో పుట్టుపూర్వోత్తరాలున్నాయి. ఇక పంచ్ అనే మాటకి దొరికిన అతి పాత సాక్ష్యం 1632 సెప్టెంబరు 28న రాసిన ఒక ఉత్తరం. రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్. అందుకున్నవాడు థామస్ కోలీ అనే వర్తకుడు. ఆ కోలీ ఉన్న ఊరు పెటపోలి.

పెటపోలి అంటే ఎక్కడో లండను పక్కన అనుకునేరు! అది మన నిజాంపట్నం. ఒకప్పటి గుంటూరు జిల్లాలో, ఇప్పటి బాపట్ల జిల్లాలో, మా రేపల్లెకి కూతవేటు దూరంలో ఉన్న నిజాంపట్నం. చిన్నప్పుడు మేము ఎండురొయ్యలకీ సముద్రస్నానానికీ వెళ్ళిన ఊరు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషువాళ్ళని పులికాట్‌లో డచ్చివాళ్ళు కాలు మోపనివ్వకపోతే, వాళ్ళు పైకొచ్చి పెటపోలిలోనూ మచిలీపట్నంలోనూ బేరాలు పెట్టుకున్నారు. అద్దకం గుడ్డలకోసం వచ్చినవాళ్ళు. ఎండ మాడ్చేస్తుంది. దేశంనుంచి తెచ్చుకున్న సారాయీ బీరూ ఓడలోనే చెడిపోయేవి, లేదా అయిపోయేవి. ఎదురుగా చూస్తే కనుచూపుమేర తాటితోపులు. నిమ్మకాయలకి కొదవలేదు. బెల్లానికి కొదవలేదు. ఇక చెప్పేదేముంది?

ఆ ఉత్తరంలో ఉన్న వాక్యం చిన్నది. మంచి స్నేహితుడు తోడున్నాడు గనక ఇద్దరూ చక్కగా కాపురం చేసుకుంటారనీ, పంచ్ విషయంలో ‘అలవెన్సు’ ఉండదనీ ఆశిస్తున్నానంటాడు ఆడమ్స్. అలవెన్సు అంటే ఇంతని ఇచ్చే వాటా. అది లేదంటే, బొత్తిగా ముట్టకండి అని హితవు చెప్పినట్టూ చదువుకోవచ్చు, లెక్కాజమా లేకుండా తాగండి అని భుజం తట్టినట్టూ చదువుకోవచ్చు. అక్షరాలు అవే. చదివేవాడు ఎటు మొగ్గితే అటు మొగ్గుతుంది వాక్యం. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. పంచ్ గురించిన తగాదా అంతా ఈ ‘అలవెన్సు’ దగ్గరే ఉంది.

పంచ్ అంటే మన ‘పంచ’ అని చెప్పినవాడు జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు డాక్టరు. 1670ల్లో మన దేశం తిరిగి, హిందూస్థానీలో అయిదుకి ఆ మాట వాడతారు గనకా, ఇందులో అయిదు వస్తువులు పడతాయి గనకా ఆ పేరు వచ్చిందని రాశాడు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని ‘పుంచ్’ లాగా పలికేవాళ్ళు గనక ఇది కుదరదనీ, ‘పంచన్’ అనే పెద్ద పీపా పేరే కురచగా మారి ఉండొచ్చనీ కొందరు పండితులు అడ్డు చెప్పారు. వస్తువుల లెక్క కూడా నిలకడగా లేదు. 1638లో సూరత్‌లో ఇంగ్లీషువాళ్ళ దగ్గర దీన్ని చూసిన మాండెల్స్లో అనే జర్మన్, సారా, పన్నీరు, నిమ్మరసం, పంచదార అని నాలుగే చెప్పాడు. 1660ల్లో మన దేశంలో ఉన్న ఫ్రెంచి డాక్టరు బెర్నియర్, బెంగాలు ఇంగ్లీషువాళ్ళ పంచ్‌లో నల్లబెల్లపు సారా, నిమ్మరసం, నీళ్ళు, జాజికాయ అని ఇంకో నాలుగు చెప్పాడు. పంచపాండవులంటే నాకు తెలీదా, మంచం కోళ్ళలాగా ముగ్గురు అని రెండు వేళ్ళు చూపించాడట వెనకటికొకడు. అలా ఉంది వీళ్ళ లెక్క. పోనీండి. ఆ బెర్నియరే ఇంకో మాట కూడా రాశాడు: తాగడానికి రుచిగానే ఉంటుందిట, ఒంటికి మాత్రం తెగులు. డాక్టరు గదా!

బెర్నియర్ చెప్పిన నల్లబెల్లపు సారా చూశారా, రమ్ముకి అది వేలువిడిచిన చుట్టం. అదీ చెరుకుదే, ఇదీ చెరుకుదే. మన తీరాన సారాతో చేసిన పంచ్ ఓడలెక్కి పడమటికి పోయాక, అక్కడి దీవుల్లో సారా బదులు రమ్ము వచ్చి కూర్చుంది. బార్బడోస్‌లో 1640ల్లో చెరుకు తోటలు విస్తరించాయి. పంచదార తీశాక అడుగున మిగిలే నల్లటి మడ్డిని ఏం చెయ్యాలో తోచలేదు మొదట్లో. దాన్ని పులియబెట్టి బట్టీ పెడితే రమ్ము వచ్చింది. 1651 ప్రాంతంలో ఆ దీవిని వర్ణించిన ఒకాయన, ఈ సరుకుని అక్కడివాళ్ళు ‘కిల్ డెవిల్’ అంటారని రాశాడు. అంటే దయ్యాన్ని చంపేది. అది తాగాక దయ్యం చచ్చిందో, పట్టిందో ఆయన చూసుకున్నట్టు లేదు.

తీపి గురించి మాట్లాడేటప్పుడు చేదు గురించి చెప్పకపోవడం న్యాయం కాదు. ఆ తోటల్లో చెరుకు నరికిందీ, గానుగ ఆడించిందీ, మరిగే బానల దగ్గర చేతులు కాల్చుకున్నదీ ఆఫ్రికానుంచి పట్టితెచ్చిన బానిసలు. పంచ్ గిన్నె చుట్టూ కూర్చుని పాడుకున్నవాళ్ళు వేరు. బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వం రద్దు 1834లో అమల్లోకి వచ్చింది. ‘అప్రెంటిసు’లన్న పేరుతో కట్టుబడిన ఆ జనం నిజంగా విడుదలైంది 1838లో. తోటలకి మనుషులు కావాలి గదా! అదే 1838లో కలకత్తానుంచి రెండు ఓడలు కూలీలతో బ్రిటిష్ గయానా చేరాయి. తర్వాత మద్రాసు రేవునుంచీ వెళ్ళాయి. ఆ ఓడల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. మారిషస్ చెరుకు తోటలకి వెళ్ళిన మనవాళ్ళని అక్కడ ‘కోరంగివాళ్ళు’ అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీద. ఒప్పందపు కూలీల ఎగుమతి 1917లో ఆగింది. అంచేత రమ్ములో మన శర్కరే కాదు, మనవాళ్ళ చెమటా ఉంది.

ఇప్పుడు నాలుగు పాళ్ళ నీళ్ళ దగ్గరికి వస్తాను. బ్రిటిష్ నౌకాదళంలో నావికుడికి రోజూ ఇంత రమ్ము అని వాటా ఉండేది, మన రేషను మాదిరి. అలవెన్సు అన్నమాట! వాళ్ళు దాన్ని ఎత్తిన గ్లాసు దించకుండా తాగేసి, తెరచాప తాళ్ళమీద నుంచి కింద పడేవాళ్ళు, కొట్టుకునేవాళ్ళు. 1740లో జమైకా దగ్గరున్న అడ్మిరల్ వెర్నన్ ఉత్తర్వు వేశాడు: అరపైంటు రమ్ముకి ఒక క్వార్టు నీళ్ళు, అంటే ఒకటికి నాలుగు, అధికారి కళ్ళెదుట కలిపి, రోజుకి రెండు విడతలుగా పొయ్యాలి. కావలసినవాళ్ళు పంచదార, నిమ్మకాయలు కొనుక్కుని కలుపుకోవచ్చు. చూశారా, తిరిగి తిరిగి పంచ్ దగ్గరికే వచ్చాడు! ఆయన గ్రోగ్రమ్ అనే ముతక గుడ్డ కోటు వేసుకునేవాడట. నావికులకి ఒళ్ళు మండి ఆ నీళ్ళ రమ్ముకి ‘గ్రాగ్’ అని పేరు పెట్టారు. తిట్టుకుంటూనే తాగారు, తాళ్ళమీద నుంచి పడటం తగ్గింది. ఆ వాటా 1970 జూలై 31న పూర్తిగా ఎత్తేశారు.

ఈ కథంతా నాకు చెరుకు గడలా తియ్యగా ఉండాల్సింది. ఉండదు. కారణం మా అన్నయ్య.

మా పెదనాన్నగారి అబ్బాయి. ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో పానకం కలపడం ఆయన పని. ఎన్ని గంగాళాలకి ఎన్ని అచ్చుల బెల్లం, ఎన్ని నిమ్మకాయలు, ఎంత మిరియప్పొడి, ఎన్ని యాలకులు అన్నది కాగితం మీద రాసుకోనక్కర్లేదు. చూపుతోనే కొలిచేవాడు. కలిపాక అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని రుచి చూసి, "ఇంకొక్క బిందె నీళ్ళు పోయండ్రా" అనేవాడు. ఆ బిందె పోసేసరికి అమృతం. అంతటి కొలతల మనిషికి ఒక్కదానిలో మాత్రం కొలత తెలియలేదు. సారా ప్యాకెట్ల రోజులవి. పళ్ళతో మూల కొరికి గొంతులో పిండుకోవడమే. అందులో పులుపు లేదు, తీపి లేదు, సంబారం లేదు, నీళ్ళు అసలే లేవు. పంచ్‌లో నాలుగూ పోయి ఒకటి మిగిలితే ఏమవుతుందో నేను పుస్తకంలో చదవలేదు, మా వీధిలో చూశాను. ఎకరం పోయింది, ఎద్దులు పోయాయి, 1988లో మనిషీ పోయాడు. మా వదినకి అప్పటికి ముప్ఫై ఏళ్ళు లేవు. పిల్లాడికి మూడేళ్ళు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న వార్త ఊరూరా పాకింది. మా ఊళ్ళో చీపుళ్ళు పట్టుకుని దుకాణం ముందు కూర్చున్నవాళ్ళలో మా వదిన ఉంది. అంతకుముందు ఆవిడ గొంతు పక్కింటికి వినిపించి ఎరగం. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ప్రభుత్వాల లెక్కలు అలా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. వదిన లెక్క మాత్రం మారలేదు. కుట్టుమిషను తొక్కి కొడుకుని ఇంజనీరుని చేసింది. ఆ కొడుకే రమ్ పంచ్ కబురు తెచ్చినవాడు.

పోయిన శ్రీరామనవమికి వాడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. వదిన పానకం కలుపుతోంది. నేను వడపప్పు పళ్ళెం ముందు కూర్చుని నిజాంపట్నం ఉత్తరం కథ వాడికి చెబుతున్నాను. వాడు ఉత్సాహం పట్టలేక, "అమ్మా, బార్బడోస్‌లో కూడా నీ పానకమే చేస్తారు తెలుసా! పులుపు ఒకటి, తీపి రెండు, నీళ్ళు నాలుగు, పైన జాజికాయ" అన్నాడు.

వదిన గరిటె ఆపింది. "ఒకటి, రెండు తర్వాత నాలుగొస్తుందిట్రా? మూడోది ఏమిటి?"

వాడు నావైపు చూశాడు. నేను వడపప్పువైపు చూశాను.

"రమ్ము, అమ్మా."

"తాగావా?"

"ఓడ మీద చుక్క ముట్టనివ్వరమ్మా. ఒడ్డున దిగినప్పుడు, ఒక గ్లాసు. రుచి ఎలా ఉంటుందోనని."

చాలాసేపు గరిటె కదల్లేదు. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. యాలకులు దంచి గిన్నెలో వేసి, మెల్లిగా అడిగింది: "నీళ్ళు ఎన్ని పాళ్ళన్నావు?"

"నాలుగమ్మా."

"మీ నాన్నకి నీళ్ళు కలుపుకోవడం నామోషీగా ఉండేది. ఆ నాలుగూ ఏనాడైనా మూడయ్యాయంటే, మరి ఆలోచించకు. ఓడ దిగి ఇంటికొచ్చెయ్యి. ఉద్యోగం లేకపోతే మిషను ఉంది." అని, నావైపు తిరిగి, "ఏం మరిదీ! మంగళగిరిలో స్వామికి ఎంత పానకం పోసినా సగం తాగి సగం మనకి వదిలేస్తాడంటారు. ఎక్కడ ఆగాలో తెలియడం దేవుడికే అంత గొప్పయితే, వీడెంత?" అంది.

వాడేమీ అనలేదు. లేచి వెళ్ళి ఆవిడ చేతిలోంచి బిందె అందుకుని, గిన్నెలో నీళ్ళు పోశాడు.

ఆడమ్స్ దొర రాసిన వాక్యానికి ఏ అర్థం తీసుకోవాలో పండితులు తేల్చుకుంటారు. లెక్కలేకుండా తాగమన్నాడో, అసలు ముట్టొద్దన్నాడో, ఆ కోలీ దొర ఎలా చదువుకున్నాడో అతని తర్వాతి జీవితమే చెప్పాలి. తెలుగు దేశంలో ఇంటింటికీ అలాంటి వాక్యం ఒకటి ఉంటుంది. ఎవరు ఎలా చదువుకున్నారో ఆ ఇల్లు చూస్తే తెలిసిపోతుంది.

మీకు రుచి చూడాలని ఉంటే విధానం చెబుతాను, ఏ దీవికీ పోనక్కర్లేదు. నిమ్మరసం ఒక పాలు, బెల్లప్పాకం రెండు పాళ్ళు, కుండలో చల్లటి నీళ్ళు నాలుగు పాళ్ళు. పైన జాజికాయ చిటికెడు. కావాలంటే మిరియాలు, యాలకులు. మూడో స్థానం ఖాళీగా ఉంచండి. మా వదిన ఇంట్లో అది ఖాళీగానే ఉంటుంది.